తాగుడు మానేవాళ్ల మీటింగులు: ఏ గది ఎవరికి కుదురుతుంది

ఒకే సంస్థ, ఒకే వారం, రెండు మీటింగులు. సోమవారం గదిలోంచి గుండె బరువు దించుకుని బయటికొచ్చిన మనిషే గురువారం గదిలోంచి 'ఇక ఈ గడప తొక్కను' అనుకుంటూ వస్తాడు. ఇది మామూలే. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అంటే అందరూ ఏఏ అనేదాంట్లో, దీనికి కారణం వాళ్ల కట్టుబాట్లలోనే ఉంది. వాళ్ల 12 సంప్రదాయాల్లో నాలుగోది, మిగతావాళ్లకి ఇబ్బంది రానంతవరకు ప్రతి గ్రూపూ తన సంగతి తానే చూసుకోవాలంటుంది. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్లు లేరు, మార్కులు వేసేవాళ్లు లేరు. కాబట్టి 'ఏఏ మంచిదా, స్మార్ట్ రికవరీ అనే ఇంకో సంస్థ మంచిదా' అని అడిగితే సగం జవాబే వస్తుంది. ఏ రోజు, ఏ పూట, ఏ గది అన్నది మిగతా సగం.

ఇక్కడ అన్నింటినీ ఒకే కొలబద్దతో కొలిచాం. మీటింగు గంట, మహా అయితే గంటన్నర. రోజులో మిగతా గంటలన్నీ మనిషి తనంతట తాను నెట్టుకురావాలి. రాత్రి తొమ్మిదింటికి నాలుక పీకుతున్నప్పుడు ఆ మీటింగు ఇచ్చింది ఏదైనా, ఒక ఫోన్ నంబరో, నిన్న రాసుకున్న కాగితమో, చేతికి అందుతుందా? అందకపోతే అక్కడ మాటలు ఎంత తియ్యగా ఉన్నా లాభం లేదు.

మీటింగుకన్నా ముందు డాక్టరు

ఏ గ్రూపూ వైద్యం చెయ్యదు. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆఖరి చుక్క పడిన ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవ్వొచ్చు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనిపించి, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దాన్ని, ప్రాణం మీదికి తెస్తుంది. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ చెయ్యి నిలవనివాళ్లు ముందు డాక్టర్ని కలవాలి. ఆ నాలుగైదు రోజులూ మందులతో, బీ1 విటమినుతో గట్టెక్కించే పద్ధతి వాళ్ల దగ్గరుంది. మంచి గదిలో పాతవాళ్లు కొత్త మనిషి చేతుల వంక చూసి ఈ మాట వాళ్లే చెప్తారు. 'ఓర్చుకో, వణుకు అదే పోతుంది' అని చెప్పే గది ఎంత ఆప్యాయంగా ఉన్నా మా లెక్కలో తప్పిన గదే.

ఏఏ: మొదలుపెట్టడానికి ఇదే తేలిక

ఏ పూట కావాలంటే ఆ పూట దొరకడం ఏఏకున్న పెద్ద బలం. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గరున్న కిటుకు ఒకటే: తాను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో కూర్చుని మాట్లాడాలి. అప్పటినుంచి పద్ధతులు ఎన్ని చేరినా అడుగున ఉన్నది అదే. చేరడానికి మానాలన్న కోరిక ఉంటే చాలు. రుసుము లేదు. మధ్యలో బుట్టో కవరో తిప్పుతారు, అది గది అద్దెకీ పుస్తకాలకీ. మొదటిసారి వచ్చినవాళ్లని వెయ్యొద్దనే అంటారు చాలా చోట్ల. బయటివాళ్ల విరాళాలు ముట్టుకోరు. గది చర్చి ఆవరణలో ఉన్నంత మాత్రాన గ్రూపు చర్చిది అయిపోదు. అద్దె తక్కువని అక్కడ పెట్టుకుంటారు, అంతే.

పనిచేస్తుందా అంటే, 2020లో కాక్రేన్ సమీక్ష, అంటే వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసేది, 27 అధ్యయనాలనీ అందులోని 10,565 మందినీ కలిపి చూసింది. ఏఏలో పద్ధతిగా చేర్పించే చికిత్స తీసుకున్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు 42 శాతం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) లాంటి మిగతా చికిత్సల్లో అది 35 శాతం. కొట్టిపారేయదగ్గ తేడా కాదు, మంత్రదండమూ కాదు. సగం మందికి పైగా ఆ ఏడాదిలో ఎక్కడో ఒకచోట కాలు జారారన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. అది చూసి నీరసపడేకన్నా, జారితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే అనుకోవడం తెలివైన పని.

మీటింగుల జాబితా ఏఏ వాళ్ల మీటింగ్ గైడ్ యాప్‌లో గానీ, ఆ ప్రాంతపు ఏఏ వెబ్‌సైట్‌లో గానీ దొరుకుతుంది. అందులో పేరు పక్కనుండే గుర్తుల్ని జనం చూడకుండా వెళ్లిపోతారు, సగం తిప్పలు అక్కడే. 'ఓపెన్' అంటే ఎవరైనా రావచ్చు, భార్యో తమ్ముడో తోడు వచ్చినా సరే. 'క్లోజ్డ్' అంటే మానాలనుకునేవాళ్లకే. తనకి నిజంగా తాగుడు సమస్య ఉందో లేదో తేలనివాళ్లు ఓపెన్ మీటింగులో వెనక వరసలో కూర్చుని వినిపోవచ్చు. 'స్పీకర్' మీటింగులో ఒకరిద్దరే చాలాసేపు మాట్లాడతారు, మిగతావాళ్లు నోరు విప్పక్కర్లేదు. బెరుకున్నవాళ్లకి మొదటిరోజుకి ఇంతకన్నా అనువైంది లేదు. 'డిస్కషన్'లో అందరికీ వంతు వస్తుంది. 'స్టెప్' మీటింగులో, మానడానికి ఏఏ పెట్టుకున్న 12 మెట్లని, వారానికో మెట్టు చొప్పున చదువుతారు. మొదటిరోజే తొమ్మిదో మెట్టు చర్చలో పడితే, అంటే తన వల్ల నష్టపోయినవాళ్లకి ఎదురుపడి సరిదిద్దుకోవడం గురించిన మాటల్లో పడితే, కొత్తమనిషి బెదిరిపోతాడు. 'బిగినర్స్' అని ఉంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

మొదటి వారం పెద్ద గది మంచిది. యాభై మందిలో ఎవరూ పట్టించుకోరు, దాక్కోవచ్చు. నాలుగో వారానికి అదే దాని లోపం. అప్పటికి ఎనిమిది నుంచి పదిహేను మంది వచ్చే గది ఒకటి పట్టుకోవాలి, రెండుసార్లు రాకపోతే 'ఏమయ్యాడు' అని ఎవరో ఒకరు అడిగేంత చిన్నది. వేళ విషయంలో మా సలహా సూటిగా ఉంటుంది: మునుపు గ్లాసు పట్టుకునే వేళకే మీటింగు పెట్టుకోండి. ఆరింటికి తాగే అలవాటున్న మనిషి పొద్దున ఏడింటి మీటింగుకి వెళ్లి ఎంత ఉత్సాహపడినా, ఆరింటి గండం ఆరింటికే వస్తుంది.

మామూలు డిస్కషన్ మీటింగు ఇలా సాగుతుంది. కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. ఆ రోజు నడిపే వంతు ఎవరిదైతే వాళ్లు ఏఏ అంటే ఏమిటో చెప్పే చిన్న పరిచయం చదువుతారు, ఇంకొకరు 12 మెట్లు చదువుతారు. 'మొదటిసారి వచ్చినవాళ్లుంటే పేరు చెప్పండి, ఇబ్బంది పెట్టడానికి కాదు, తర్వాత పలకరించడానికి' అంటారు. ఇంటిపేరు అక్కర్లేదు. 'నేను ఆల్కహాలిక్‌ని' అనాలన్న నిర్బంధమూ లేదు. ఒకరు పది నిమిషాలు మాట్లాడి ఒక అంశం వదులుతారు. కోపమో, ఒంటరితనమో, పండగ రోజుల గండమో. ఆపైన ఒక్కొక్కరికీ మూడు నుంచి ఐదు నిమిషాలు, కొన్ని గదుల్లో ఫోన్ టైమరు పెట్టి మరీ. మీ దాకా వస్తే 'ఇవాళ వింటాను' అంటే చాలు, వంతు పక్కకి పోతుంది. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు సలహా ఇవ్వరు, ఎదురు చెప్పరు. క్రాస్‌టాక్ కూడదనే మాటకి అర్థం అదే. ఇది కొత్తవాళ్లకి మొదట్లో రాతి గుండెలా అనిపిస్తుంది. గొంతు పూడుకుపోతూ చెప్పుకున్నాక 'థాంక్యూ' అని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోవడమేంటి అని. రెండు మూడుసార్లు కూర్చున్నాక తెలుస్తుంది, తీర్పు చెప్పేవాళ్లు లేని చోటే చెప్పలేనిది బయటికొస్తుందని. చివర్లో తాగకుండా గడిపిన 24 గంటలకి, 30, 60, 90 రోజులకి, ఏడాదికి గుర్తుగా నాణెం లాంటి చిన్న బిళ్లలు ఇస్తారు, చప్పట్లు కొడతారు, నిలబడి ప్రార్థన చేస్తారు.

అసలు పరీక్ష ఆ తర్వాతి పది నిమిషాల్లో ఉంది. కుర్చీలు మడతపెట్టేటప్పుడు మీ దగ్గరికి ఎవరైనా వచ్చారా? ఫోన్ నంబర్ల కాగితం చేతిలో పెట్టారా? లేక పాతవాళ్లంతా ఒక మూల గుమిగూడి తమలో తాము నవ్వుకుంటూ వెళ్లిపోయారా? గోడ మీద ఎన్ని నినాదాలు ఉన్నా, మూడు వారాలపాటు ఎవరూ పలకరించని గదిని వదిలేయడంలో తప్పు లేదు. ఇక నంబర్లు దొరికాక జరిగే పొరపాటు: వాటిని జేబులో దాచుకుని ఆపద వేళకి ఉంచుకోవడం. ఆపద వేళ ముక్కూమొహం తెలియని నంబరుకి ఫోన్ చెయ్యడం దాదాపు ఎవరివల్లా కాదు. అందుకే నంబరు తీసుకున్న రోజే, తాగాలని లేకపోయినా, 'ఊరికే చేశాను' అని రెండు నిమిషాలు మాట్లాడి పెట్టుకోవాలి. ఐదు నంబర్లైనా ఉండాలి. ఒకరు పనిలో ఉంటారు, ఒకరు నిద్రలో, ఒకరు ఎత్తరు.

దేవుడి సంగతి. 12 మెట్లలో సగం, అంటే 2, 3, 5, 6, 7, 11 మెట్లు, దేవుణ్ణో మనకన్నా పెద్ద శక్తినో తలుస్తాయి. 'ఎవరు ఎలా అర్థం చేసుకుంటే అలా' అనే వెసులుబాటు ఉంది, ఆ గ్రూపునే తన పెద్ద శక్తిగా పెట్టుకున్నవాళ్లు చాలామంది. అదీ మింగుడుపడకపోతే 'సెక్యులర్' అని రాసి ఉన్న ఏఏ మీటింగులు ఉన్నాయి, ప్రార్థన ఉండదు. ఇది ఒక్కటి నచ్చక మొత్తం ఏఏకే దండం పెట్టేసేముందు ఆ గుర్తున్న మీటింగు ఒకటి వెతికి చూడాలి.

స్పాన్సర్ అంటే మెట్లు దాటించే తోడు. ఏడాదికి పైగా మానేసి ఉండాలి, మెట్లన్నీ తాను దాటి ఉండాలి, తనకీ ఒక స్పాన్సర్ ఉండాలి. ఈ మూడోది అడగడానికి మొహమాటపడతారు, కానీ ముందు అడగాల్సింది అదే. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు అన్న పాత ఆచారంలో అర్థం ఉంది: ఆకర్షణకి తావు లేని మనిషి కావాలి. మొదటి నెల 'తాత్కాలిక స్పాన్సర్‌గా ఉంటారా' అని అడిగితే ఇద్దరికీ తప్పుకునే దారి ఉంటుంది. స్పాన్సర్ అప్పు ఇచ్చేవాడు కాదు, సంసారం చక్కబెట్టేవాడు కాదు, డాక్టరు అసలే కాదు.

చెడేది కూడా చెప్పాలి. 'పదమూడో మెట్టు' అని ఏఏ వాళ్లే వెటకారంగా అనుకునే జబ్బు ఒకటుంది: పాతకాపు ఒకడు, కొత్తగా వచ్చి తడబడుతున్న మనిషిని ఆదుకునే నెపంతో దగ్గరవ్వాలని చూడటం. మీటింగు అయ్యాక ఒంటరిగా దింపుతానని పట్టుబట్టేవాళ్లని దూరం పెట్టాలి. ఆడవాళ్లకి మొదటి మూడు నెలలు ఆడవాళ్ల మీటింగునే మేం ముందు చెప్తాం. రెండో జబ్బు మందుల గురించి. మన భాషలో తాగేదీ మందే, డాక్టరు రాసేదీ మందే. 'మందు పూర్తిగా మానితేనే లెక్క' అని ఎవరైనా అంటే ఏ మందో నిలదీయాలి. తాగుడు మానడానికి డాక్టరు రాసే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేసుకోవడం, డిప్రెషన్‌కి మాత్రలు వాడటం తాగుడు కిందికి రాదు. సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదని ఏఏ తన కరపత్రంలోనే రాసుకుంది. ఒక మనిషి అలా అంటే పట్టించుకోకండి, నడిపే మనిషే అంటుంటే గది మార్చండి. మూడోది చూడటానికి చిన్నదే గానీ చేటు చేస్తుంది: ఎవరు ఎంత తాగారో, తాగి ఏం వెలగబెట్టారో చెప్పుకునే పోటీ. గంటలో ముప్పావు వంతు గ్లాసుల కథే నడిస్తే నోరూరుతూ బయటికి వస్తాం.

స్మార్ట్ రికవరీ: కాగితం, కలం

1994లో మొదలైంది. దేవుడు లేడు, మెట్లు లేవు, స్పాన్సర్ లేడు, 'ఆల్కహాలిక్' అని చెప్పుకోవడమూ లేదు. నాలుగు పనులు: మానాలన్న పట్టుదల నిలుపుకోవడం, తపన వస్తే తట్టుకోవడం, ఆలోచనల్నీ ప్రవర్తననీ చక్కబెట్టుకోవడం, బతుకులో సమతూకం తెచ్చుకోవడం. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ నడుపుతాడు, అతను తాగుడు మానినవాడే అయ్యుండాలని లేదు. ఇక్కడ మాటకి మాట ఉంటుంది, ఒకరి సమస్య మీద నలుగురూ సూచనలిస్తారు. ఏఏ మౌనం పడనివాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

దీని బలం పనిముట్లలో ఉంది. ఏబీసీ అనే కాగితం చూడండి. 'ఏ' అనే గడిలో జరిగింది రాయాలి: 'అందరి ముందు ఆఫీసరు నా రిపోర్టు తప్పన్నాడు.' బీ గడిలో అప్పుడు మనసులో అనుకున్నది: 'ఇంత అవమానం తాగకుండా అరగదు.' సీ గడిలో దాని ఫలితం: 'ఇంటి దారి వదిలి షాపు వైపు తిరిగాను.' తర్వాత డీ, అంటే ఆ బీతో వాదన: 'అరగదా? పోయిన నెల ఇంతకన్నా పెద్ద మాటే పడ్డాను, ఆ రాత్రి తాగలేదు, తెల్లారింది కదా.' చివరికి 'ఈ' అనే గడి, కొత్త ఆలోచన: 'రాత్రంతా చిరాగ్గానే ఉంటుంది, అయినా గడుస్తుంది.' దీన్ని నింపడంలో అందరూ చేసే తప్పులు రెండు. 'ఏ' గడిలో 'ఆఫీసరు నన్ను తొక్కేయాలని చూశాడు' అని రాసేస్తారు. అది జరిగింది కాదు, మన అభిప్రాయం, దాని చోటు బీ. కెమెరా పెడితే ఏం కనబడుతుందో అంతవరకే 'ఏ'. రెండోది, 'ఈ' గడిలో 'నాకిప్పుడు తాగాలనే లేదు' అని తియ్యటి అబద్ధం రాసుకోవడం. అది మొదటి వీధి మలుపు దాకా కూడా నిలవదు. 'చిరాగ్గా ఉంటుంది, అయినా' అన్న నిజం నిలుస్తుంది.

తాగితే, మానితే వచ్చే లాభనష్టాలు నాలుగు గళ్లలో రాసే కాగితం ఇంకొకటి. 'తాగితే లాభం' గడి ఖాళీగా వదిలితే మొత్తం కాగితం దండగ. నిద్ర పట్టేదని, నలుగురిలో నోరు పెగిలేదని నిజాయితీగా రాస్తేనే వాటికి వేరే దారి వెతకాలని తెలుస్తుంది. పక్కన 'ఇది ఇవాళ్టిదా, ఎప్పటికీనా' అని గుర్తు పెట్టుకుంటూ వెళ్తే, లాభాలన్నీ ఇవాళ్టివీ నష్టాలన్నీ ఎప్పటివీ అని కళ్లకి కడుతుంది.

మా కొలబద్దకి వస్తే, స్మార్ట్ చేతికి కాగితం ఇస్తుంది గానీ నంబరు ఇచ్చే అలవాటు తక్కువ. మీటింగులూ ఏఏ అంత విరివిగా దొరకవు. ఫెసిలిటేటర్ గట్టివాడు కాకపోతే గంటన్నర ఒక్కరి గోడుతోనే గడిచిపోతుంది. సోమవారం స్మార్ట్, గురువారం ఏఏ అని రెండూ కలిపి నడిపేవాళ్లున్నారు. ఒకదాంట్లో ఉంటే ఇంకోదానికి వెళ్లకూడదని నియమమేమీ లేదు.

మిగతావి క్లుప్తంగా. విమెన్ ఫర్ సొబ్రైటీ 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ మొదలుపెట్టింది, ఆడవాళ్లకే. 13 వాక్యాల చుట్టూ తిరుగుతుంది, నేను శక్తిహీనురాల్ని అనడం బదులు నా బతుకు నా చేతిలో ఉందనడం దాని వరస. అప్పటికే అహం చితికిపోయి వచ్చిన మనిషికి ఇది మంచి చోటు. లైఫ్‌రింగ్‌లో 'ఈ వారం ఎలా గడిచింది' అన్నదే అంశం, పాత కథలు తవ్వరు. ధ్యానం అలవాటున్నవాళ్లకి బౌద్ధ పద్ధతిలో నడిచే రికవరీ ధర్మ ఉంది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి వేరుగా అల్-అనాన్, 1951 నుంచి. అది తాగే మనిషిని మాన్పించే కిటుకులు నేర్పే చోటనుకుని వెళ్తే నిరాశే. ఇంట్లోవాళ్లు తమ నిద్ర తాము నిద్రపోవడం నేర్చుకునే చోటది. ఏఏ, విమెన్ ఫర్ సొబ్రైటీ, లైఫ్‌రింగ్, స్మార్ట్ సభ్యుల్ని పక్కపక్కన పెట్టి గమనించిన 2018 నాటి అధ్యయనంలో తేలింది ఇదీ: ఏ గ్రూపైనా, అందులో బాగా మునిగినవాళ్లకి మేలు ఇంచుమించు ఒకేలా దక్కింది. వెనక వరసలో కూర్చుని లేచిపోయేవాళ్లకి ఏదీ పెద్దగా పట్టలేదు.

ఆన్‌లైన్ మీటింగులు రాత్రి రెండింటికి కూడా దొరుకుతాయి, వాటి విలువ అదే. లోపలికి వెళ్లేముందు తెరమీద పూర్తి పేరు పడుతుందేమో చూసి మొదటి పేరు మాత్రం ఉంచుకోండి. ఆఫీసు ఖాతాతో చేరితే ఇంటిపేరు, ఫోటో, ఉద్యోగం అన్నీ బయటపడతాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం మీకోసమే కాదు, అక్కడ మాట్లాడేవాళ్ల గుట్టు కోసం కూడా. కెమెరా ఆపి వంటో ఫోనో చూసుకుంటూ వినడం మొదలైతే అది రేడియో అయిపోతుంది. అది వారానికి ఒక్క గదికి అయినా నడిచి వెళ్లాలనడానికి గుర్తు.

ఒక గదిని తేల్చడానికి ఒక్కసారి చాలదు, ఆరుసార్లు వెళ్లి చూడమనేది ఏఏ వాళ్ల పాత మాట. ఆరుసార్లూ ఒకే గదికి అక్కర్లేదు, మూడు గదులకి రెండేసి సార్లు మేలు. బయటికి రాగానే ఫోన్లో మూడు ముక్కలు రాసుకోండి: ఎవరి పేరైనా గుర్తుందా, నంబరు దొరికిందా, లోపలికి వెళ్లేటప్పటికన్నా ఇప్పుడు తాగాలన్న కోరిక పెరిగిందా తగ్గిందా. మూడోది పెరుగుతూనే ఉంటే కారణం వెతక్కుండా గది మార్చండి. 90 రోజుల్లో 90 మీటింగులు అనే మాట వింటారు. ఇది ఎక్కడా నియమం కాదు, వాడుక. పనులు పిల్లలు ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని పన్నెండో రోజు తప్పగానే అంతా వదిలేస్తారు. వారానికి మూడు, తప్పకుండా, అదే గదుల్లో అనుకుంటే నిలబడుతుంది.

కాలు జారితే ఎక్కువమంది చేసేది, కొన్నాళ్లు మానేసి మొహం చెల్లాక వద్దామనుకోవడం. ఆ కొన్నాళ్లు ఏళ్లవుతాయి. మరుసటి మీటింగుకే, మత్తు దిగాక, వెళ్లాలి. తాగి వెళ్లినా చాలా గదుల్లో కూర్చోనిస్తారు, మాట్లాడకుండా వినమంటారు. తలుపు దగ్గర ఏం చెప్పాలో తెలియకపోతే 'మళ్లీ మొదటి రోజు' అంటే చాలు. వివరం ఎవరూ అడగరు. బిళ్లలిచ్చే వేళకి 24 గంటల బిళ్ల ముందు పిలుస్తారు. ఇదివరకు ఎన్ని తీసుకున్నా మళ్లీ లేచి తీసుకోవచ్చు. ఆ రోజు మీ నంబర్లలో మొదట ఫోన్ చెయ్యాల్సిన మనిషి, తానూ ఒకసారి ఆ బిళ్ల రెండోసారి తీసుకున్న మనిషి.